ఇసక పొద్దున్నే, ఎదురుగాలి మధ్యాహ్నం: అల్లూరు తీరాన గట్టి సైకిలు రోజు

అల్లూరు నుంచి తూర్పుగా ఇసకపల్లి. అక్కడి నుంచి తీరం పట్టుకుని ఉత్తరంగా జువ్వలదిన్నె, తుమ్మలపెంట. ఆపైన పడమటికి తిరిగి కావలి, చివరికి బిట్రగుంట దారిన మళ్ళీ అల్లూరు. మొత్తం 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఓపికుండి రామాయపట్నం దాకా లాగితే నూరు దాటుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూర సైకిలు యాత్రను పదమూడున్నర గంటల గడువులో ముగించి పతకం తెచ్చుకున్నవాళ్ళకు ఈ అంకె ఆనదు. జాతీయ రహదారి మీదైతే నిజమే, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. ఏప్రిల్ నెలలో, తీరం వెంట, సామానుతో అయితే మాత్రం తెల్లవారకముందు బయల్దేరినవాళ్ళు పొద్దుగూకే వేళకు గానీ తిరిగిరారు. రోజుల తరబడి సాగే దూరప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్ళు తమ సత్తా, సైకిలు సత్తా తేల్చుకోవడానికి నెల్లూరు జిల్లాలో ఇంతకంటే నికార్సైన పరీక్ష లేదని నా అభిప్రాయం. ఆ రోజును ఎలా తయారు చేసుకోవాలో చెప్తాను.

ముందు గాలి సంగతి తేలాలి, దారి సంగతి తర్వాత. ఇక్కడ తీరం ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఏప్రిల్లో తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు పల్చటి గాలి ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ అది ఆగిపోతుంది. నేల కాగి, దాని మీది గాలి పైకి లేవడం మొదలయ్యాక సముద్రం మీది నుంచి పైరగాలి అందుకుంటుంది. పదకొండు, పన్నెండు గంటలకు మొదలై మధ్యాహ్నానికి ముదురుతుంది. ఆగ్నేయం నుంచి వచ్చే ఆ గాలి సాయంత్రానికి దక్షిణం వైపు మళ్ళుతుంది. కావలి నుంచి అల్లూరుకు, అంటే దక్షిణానికి తొక్కేవాళ్ళకు అది నేరుగా మొహానికే కొడుతుంది. సుఖం కోరుకునేవాళ్ళు పొద్దున్నే విడవలూరు, రామతీర్థం వైపు దక్షిణానికి వెళ్ళి, మధ్యాహ్నం గాలి వీపున తోస్తుంటే ఉత్తరానికి తిరిగొస్తారు. తెలివైన పనే. కానీ మనకు కావలసింది సుఖం కాదు గదా.

గట్టి రోజు కావాలన్నంత మాత్రాన కష్టాన్ని ఎక్కడ పడితే అక్కడ నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఈ దారిలో కష్టాలు రెండు: ఇసక, ఎదురుగాలి. రెంటినీ తప్పించుకోలేం గానీ ఏది ఎక్కడ పడాలో మనం నిర్ణయించుకోవచ్చు. ఇసకను చల్లటి వేళ, గాలి కదలనప్పుడు దాటెయ్యాలి. ఎదురుగాలిని తారురోడ్డు మీద, టీ కొట్టూ చెట్టునీడా ఆటోలూ ఉన్నచోట ఎదుర్కోవాలి. అందుకే తీరం ముందు, రోడ్డు తర్వాత. ఇదే దారిని తిరగేసి, పొద్దున హాయిగా తారు మీద కావలికి వెళ్ళి మధ్యాహ్నం తీరానికి దిగితే, రెండింటికల్లా చక్రం ఇసకలో, గాలి మొహాన, నీళ్ళు సీసా అడుగున ఉంటాయి. అప్పుడు పిలిస్తే పలికేవాళ్ళుండరు. ఈ లెక్క ఎండాకాలానికే. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలి తిరగబడుతుంది. పైగా ఆ నెలల్లో కాలువ గట్లు బంకమట్టి అయిపోయి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు లేకుండా పట్టేస్తాయి. అప్పుడు తీరం జోలికి పోకపోవడమే మేలు.

ముందురోజు సాయంత్రం ఫోన్లో ఉపగ్రహ పటం తెరిచి చేయాల్సిన పని ఒకటుంది. ఊళ్ళ మధ్య దూరాలు చూడటం ఎవరైనా చేస్తారు. ఇక్కడ చూడాల్సింది వంతెనలు. తీరానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ ఉంది. దానికి అడ్డంగా పైడేరు లాంటి ఏళ్ళూ ఉప్పుటేళ్ళూ సముద్రంలోకి దిగుతుంటాయి. ఎదురుగా అరకిలోమీటరులో కనిపించే ఊరికి చేరాలంటే మధ్యనున్న నీళ్ళ కోసం పడమటికి చాలా దూరం వెళ్ళి వంతెన దాటి మళ్ళీ రావాల్సి ఉండొచ్చు. ఆస్ట్రేలియాలోని నల్లర్‌బార్ మైదానంలో సైకిలు తొక్కేవాళ్ళకు మనిషి కనపడకపోవడం భయం. అల్లూరు తీరంలో మనుషులు కనపడతారు, దీపాలు కనపడతాయి, సెల్ టవరూ కనపడుతుంది. చేరడమే కుదరదు. చేరినా తాగే నీళ్ళు దొరుకుతాయన్న నమ్మకం లేదు, సైకిలు బాగుచేసే కొట్టుండదు. మారుమూల అంటే దూరంగా ఉండటమేనని అనుకునేవాళ్ళను ఒకసారి ఈ గట్ల మీదికి తీసుకురావాలి. కాబట్టి కాలువ దాటే చోట్లు, ఏరు దాటే చోట్లు, రెంటికీ గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తు మధ్యా వెనక్కి తిరగాల్సి వస్తే ఏ దారో కూడా చూసిపెట్టుకోవాలి. పటంలో తెల్లటి గీతగా కనిపించే బాటల్లో చాలావరకు రొయ్యల గుంటల గట్లే. ఈ మధ్యే తెగ్గొట్టి ఉండొచ్చు, గేటు వేసి ఉండొచ్చు. పటాన్ని సగమే నమ్మండి.

ఆ కాలువ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోబుద్ధి కావడం లేదు. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం ఏళ్ళ తరబడి ఉత్తరానికి సాగి పెదగంజాం దాకా వచ్చింది. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం ఈ కాలువ మీదే పట్నం చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవను లాగుకుంటూ నడవడం. మనం ఇవాళ సైకిలు తొక్కే గట్టు ఆ లాగిన మనుషుల బాట. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇప్పుడు చాలాచోట్ల పూడికా తుంగా తప్ప జలమూ లేదు, మార్గమూ లేదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు మాత్రం తీరం పొడవునా చాలాచోట్ల ఈ పాత కాలువే నీళ్ళను మింగి వెనకనున్న ఊళ్ళను కాపాడింది.

సైకిలు ఏదైనా ఫరవాలేదు, టైరు వెడల్పుండాలి. 40 మిల్లీమీటర్లకు తగ్గితే ఇసకలో కత్తి దిగినట్టు దిగుతుంది. రేసు సైకిలు ఎంత ఖరీదుదైనా ఇంట్లో పెట్టండి. గేర్లున్న సైకిలైతే ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది పడేలా చూసుకోవాలి. ఎదురుగాలికి ఆ కలయికే దిక్కు. గేర్లు లేని పాత స్టాండర్డు సైకిలుతోనూ ఈ దారి పోవచ్చు. ఈ ఊళ్ళలో రెండు తరాలు దాని మీదే బతికాయి. హెర్క్యులిస్, అట్లాస్ పేర్లు తెలియని ఇల్లు ఉండేది కాదు. ఆ అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది 2020 జూన్ 3న. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం సరిగ్గా అదే రోజు.

రాత్రి పడుకునే ముందు సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రాలు తిప్పి చూడాలి. చక్రం వంకర పోతుందా, బ్రేకు కట్ట ఎక్కడైనా రాసుకుంటోందా గమనించాలి. చువ్వలను రెండు రెండుగా వేళ్ళతో నొక్కుతూ పోతే వదులైనది తెలిసిపోతుంది. చైనుకు నూనె చుక్కలుగా వేసి, పావుగంట ఆగి, పైనున్న నూనెంతా గుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకుండా వదిలేస్తే మర్నాటి ఇసకంతా దానికే అంటుకుని చైను ఆకురాయిలా తయారవుతుంది. క్యారియరు బోల్టులు ఒకటికి రెండుసార్లు బిగించాలి. ఈ దారిలో టైర్ల కంటే ముందు ఓడిపోయేవి క్యారియర్లే. సామాను బరువు వెనక చక్రం మీదే వేయకుండా నీళ్ళలో కొంత ముందుకు, ఫ్రేము మధ్యకు సర్దుకుంటే ఇసకలో తోసేటప్పుడు సైకిలు మాట వింటుంది.

ఇక నీళ్ళు. మనిషికి 5 లీటర్లు. 5 కిలోల బరువు అనవసరం అనిపిస్తుంది, ఉదయం తొమ్మిది దాటాక అనిపించదు. ఎండలో శ్రమపడే ఒంటి నుంచి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు, దాంతోపాటు ఉప్పూ పోతుంది. వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో ఉన్న ఉప్పు ఇంకా పల్చబడుతుంది. తలనొప్పి, వికారం, ఆపైన తికమక. కాబట్టి రెండు సీసాల్లో ఒకటి ఎప్పుడూ ఉప్పూ చక్కెరా కలిసినది ఉండాలి. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళకు ఒకటి. అది లేకపోతే లీటరు నీళ్ళలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచాకు సమంగా గీసి. మోతాదు పెంచకూడదు. గూడూరు మార్కెట్టు ఉన్న ప్రాంతంలో నిమ్మకాయకు కొదవేముంది, అదీ పిండుకోండి. ఇసకపల్లి ఉప్పు మళ్ళ పక్కన నిలబడి ఒంట్లో ఉప్పు తక్కువై కూలబడటం కంటే నవ్వులపాటు ఉండదు.

తిండికి వేరుసెనగ ఉండలు, అరటిపళ్ళు, రెండు మెతుకులు చద్దన్నం. చద్దన్నం మజ్జిగతో బయల్దేరే ముందే తినెయ్యాలి. దారిలో ఆకలి వేశాక తినడం ఆలస్యం కింద లెక్క. పావుగంటకో గుక్క, గంటకో ముద్ద అని పెట్టుకుంటే సరిపోతుంది. సామాన్లలో రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు ఊడదీసే పలకలు రెండు, పంపు, చైను తెగితే కలిపే లింకు, పాత టైరు ముక్క ఒకటి. టైరు పక్కన కోసుకుపోతే లోపల ఆ ముక్క పెట్టి ఇంటికి చేరొచ్చు. మిగతావి మీ ఇష్టం.

నాలుగున్నరకు బయల్దేరాలి. అల్లూరు నుంచి ఇసకపల్లి వైపు దారి మొదట పొలాల మధ్య నుంచి పోతుంది. కనిగిరి రిజర్వాయరు కింద పెన్న నీళ్ళు తాగే డెల్టా ఇది. ఏప్రిల్లో కోతలు ముగిసే వేళ కాబట్టి వడ్లు రోడ్డు మీదే ఆరబోసి ఉంటాయి. రాత్రి వాటి మీద పట్టలు కప్పి, లారీలు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో సైకిలుకు ఈ రాళ్ళే పెద్ద గండం. నేలకు దగ్గరగా వెలుగు పడే లైటు ఒకటి, దూరం చూపేది ఇంకొకటి ఉంటే మంచిది. వడ్ల మీద నుంచి తొక్కేయడం సులువే, చక్రం జర్రున జారిందంటే పళ్ళు రాలతాయి. రైతు మాట సరేసరి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి సైకిలును మధ్యలో పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే వాటికి మన మీద ఆసక్తి పోతుంది.

పొలాలు అయిపోయాయని ముక్కుకు ముందు తెలుస్తుంది. బురదనీటి వాసన, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు. ఆపైన ఉప్పు మళ్ళు. సముద్రపు నీళ్ళను మడి తర్వాత మడికి పారిస్తూ ఎండకు చిక్కబరిచి, చివరి మడిలో ఉప్పు గడ్డకట్టాక గోకి గుట్టలు పోస్తారు. ఎండ ముదరకముందే ఆడా మగా మళ్ళలోకి దిగి పని మొదలుపెట్టేస్తారు. వాళ్ళ పనివేళే మనకూ గడియారం. వాళ్ళు నీడకు చేరే వేళకు మనం ఇసక దాటేసి ఉండాలి.

ఇసకపల్లి పట్టపుపాళెం దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగి దారి అడగాలి. పటంలో చూసుకున్నాం కదా అని మానెయ్యకూడదు. వలలు సర్దుకుంటున్న పెద్దాయన ముందు సామాను వంకే చూస్తాడు.

"యాడికి పోతుండారబ్బయ్యా, ఇంత బరువేసుకోని?"

"కావలికి, పెద్దాయనా. గట్టెంబడి."

"కావలికా? బస్సుల్లేవా ఏంది?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు నాకు ఇంతవరకూ దొరకలేదు. నవ్వేసి అసలు విషయం అడగాలి. అప్పుడు చెప్తాడు: "అట్ట సముద్రం అంచున పోబాకండి, మొగ తెరుచుకోనుంది. ఈ కాలవ గట్టు మీంద పోండి." ఏరు సముద్రంలో కలిసే మొగ కొన్ని నెలలు ఇసక మేటతో మూసుకుపోయి నడిచి దాటేలా ఉంటుంది. పోటుకో వానకో తెగితే నడుముల్లోతు నీళ్ళు. ఉపగ్రహ చిత్రం తీసిన రోజు ఎలా ఉందో ఎవరికెరుక? ఆ పూట సంగతి వేటకు వెళ్ళొచ్చిన మనిషికే తెలుసు.

ఇక్కడి నుంచే అసలు పని. బాట మెల్లగా తెల్లబడి, సర్వి తోటల్లోకి దూరాక ఇసకగా మారుతుంది. ముందు టైర్లలో గాలి తగ్గించాలి. రోడ్డు మీద 50 పౌండ్లు ఉంటే 25కి దించండి. బొటనవేలితో నొక్కితే టైరు కొంచెం లోపలికి పోవాలి, రిమ్ము తగలకూడదు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసక మీద తేలుతుంది. చిన్న గేరులో పెట్టి, ఒంటి బరువు వెనక్కి వేసి, హ్యాండిలును వదులుగా పట్టుకుని ఒకే తీరున తొక్కాలి. ముందు చక్రం కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. తిరగనివ్వాలి. బిగపట్టి సరిచేయబోయారో, పక్కకు పడ్డారు. ఎడ్లబండో ట్రాక్టరో పోయిన గాడి ఉంటే దాన్ని నమ్మొద్దు, గాడిలో ఇసక ఇంకా వదులుగా ఉంటుంది. అంచున గడ్డి పట్టిన చోట, సర్వి ఆకు రాలి మెత్తగా పరుచుకున్న చోట నేల గట్టిగా ఉంటుంది. అదే దారి.

తొక్కడం కుదరని చోట తోయాలి. తోసేటప్పుడు ఎడమ చెయ్యి హ్యాండిలు మీద, కుడి చెయ్యి సీటు వెనక. సీటును ముందుకు నెడుతుంటే వెనక చక్రం మీది బరువు కొంచెం తేలికవుతుంది. రెండు చేతులూ హ్యాండిలు మీదే పెట్టి నెట్టేవాళ్ళ నడుం పది నిమిషాల్లో చెప్పేస్తుంది. వంద అడుగులు తోసి, నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్ళీ వంద. ఇక్కడ వేగం గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. నడకే. ముందురోజు లెక్కలో ఈ ముక్కకు ఆ వేగమే వేసుకుంటే మనసు కుదురుగా ఉంటుంది, పది వేసుకుంటే గంట గంటకూ ఓడిపోతున్నట్టుంటుంది. దిబ్బల మీద రావణాసురుడి మీసాలు గుండ్రటి ముళ్ళబంతులై గాలికి దొర్లుతుంటాయి. పిక్కలకు గుచ్చుకుంటే మంట తప్ప ప్రమాదం లేదు.

సముద్రం అంచున తడిసిన ఇసక గట్టిగా ఉంటుంది గదా, అక్కడే తొక్కితే పోలా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. మన తీరంలో ఆటుపోట్ల తేడా మీటరుకు కాస్త అటూ ఇటూ, ఒడ్డు ఏటవాలు. గట్టి నేల సన్నటి పట్టీగానే దొరుకుతుంది, అదీ ఆటు వేళ కాసేపు. ఒక్క అల చక్రాన్ని ముంచితే ఉప్పునీళ్ళు చక్రాల మధ్యనుండే కుండల్లోకి, చైనులోకి దూరతాయి. సాయంత్రానికే తుప్పు మొదలు. ఇంకో మాట, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. అలల పైనున్న మెత్తటి ఇసకలోనే వాటి గుంటలుంటాయి. ఆ నెలల్లో ఒడ్డు వాటికి వదిలేద్దాం.

ఇసక తర్వాత ముల్లు. కాలువ గట్టు పొడవునా సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంటుంది. ఎండిన కొమ్మ ముల్లు మేకుకేం తీసిపోదు. టైరులో గాలి పోయిందనిపించగానే దిగాలి. రిమ్ము మీద పది గజాలు తొక్కినా ట్యూబు చీలికలైపోతుంది. నీడ చూసి సైకిలును పడుకోబెట్టి చక్రం ఊడదీసి, పలకలతో టైరు ఒక అంచు ఎత్తి ట్యూబు లాగాలి. గాలి కొట్టి పెదవి దగ్గర, లేదా కనురెప్ప దగ్గర పెట్టుకుంటూ తిప్పితే సన్నటి గాలి తగిలిన చోటే చిల్లు. తొట్టె నీళ్ళు ఎక్కడ తెస్తాం, తాగే నీళ్ళు దానికి వాడేంత ధనవంతులం కాము. చిల్లు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో రుద్ది నునుపు పోగొట్టాలి. సొల్యూషన్ పల్చగా రాసి ఆరనివ్వాలి. ఆ ఆరడం దగ్గరే అందరికీ తొందర. వేలితో తాకితే అంటుకోకుండా జిగురుగా మాత్రమే ఉన్నప్పుడు ప్యాచీ వేసి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా నొక్కాలి. తడిగా ఉన్నప్పుడే వేస్తే ఎండకు అది జారి ఊడిపోతుంది.

ట్యూబును మళ్ళీ ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూరా తుడుస్తూ పోవాలి. ఎక్కడ దారం లేస్తే అక్కడ ముల్లుంటుంది. సర్కారు తుమ్మ ముల్లు బయట విరిగిపోయి కొన లోపలే ఉండిపోవడం మామూలు. దాన్ని పట్టకారుతోనో, అదీ లేకపోతే పళ్ళతోనో పీకాలి. ఒకటి దొరికిందని ఆగకుండా పూర్తి చుట్టు చూస్తే రెండోది కూడా దొరుకుతుంది. ఊళ్ళో పంక్చర్ కొట్టులో కుర్రాడు ఈ పనంతా నోట్లో పాట ఆపకుండా ముగిస్తాడు. గట్టు మీద మనకు అరగంట పడుతుంది, ఆ అరగంట లెక్కలో ముందే ఉండాలి.

జువ్వలదిన్నె చేరేసరికి చేపల రేవు కట్టడాలు దూరం నుంచే దారి చూపిస్తాయి. బోగోలు మండలంలో ఇది పెద్ద చేపల రేవు. ఇక్కడ మనుషులు, నీడ, టీ అన్నీ దొరుకుతాయి. సీసాలు నింపుకునే ముందు నీళ్ళు క్యానువో బోరువో అడగండి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఒంటి మీద పోసుకోవడానికే. ఇక్కడి నుంచి తుమ్మలపెంటకు వెళ్ళేటప్పుడు గడియారం చూసి ఒక నిర్ణయం తీసుకోవాలి. పది గంటలకు తుమ్మలపెంటలో ఉంటే, సీసాల్లో రెండు లీటర్లు మిగిలుంటే రామాయపట్నం వైపు ఆలోచించొచ్చు. ఓడరేవు పనులతో అటు లారీల రద్దీ, దుమ్ము ఎక్కువని మనసులో పెట్టుకోండి. పది దాటిందా, నీళ్ళు తగ్గాయా, మారు మాట లేకుండా పడమటికి తిరిగి కావలి. ఇది ముందురోజు చల్లగా కూర్చున్నప్పుడు రాసుకున్న నియమం కాబట్టి ఎండలో ఉన్న బుర్రకు దాన్ని మార్చే హక్కు లేదు.

టైర్లలో గాలి మళ్ళీ నింపుకుని తారెక్కితే కావలి చాలా దగ్గర. 1989 నవంబరులో థాయ్‌లాండ్‌ను దాటుకుని బంగాళాఖాతంలోకి వచ్చి బలపడ్డ గే తుపాను తీరం దాటింది ఈ కావలి దగ్గరే. ఇక్కడి పెద్దవాళ్ళు గాలి మాట ఎత్తితే ఆ రాత్రి గురించి చెప్తారు. వాళ్ళ ముందు మన ఎదురుగాలి కష్టాలు ఏకరువు పెట్టకపోవడం మర్యాద.

కావలిలో ఆగాలి. పదకొండున్నర నుంచి మూడు దాకా చక్రం తిరగకూడదు. ఈ మూడున్నర గంటలను వృథా అనుకునేవాళ్ళే మూడింటికి రోడ్డు పక్కన పడుకుంటారు. అన్నం, పప్పు, మజ్జిగ తినాలి. నెల్లూరు చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే వదలమని చెప్పడం నావల్ల కాదు, రెండు ముద్దలతో సరిపెట్టుకోండి. కడుపు నిండా తిని ఎదురుగాలిలో వంగి తొక్కడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మూడో ముద్ద కలపరు. బూట్లు విప్పి కాళ్ళు కడిగి, తడిగుడ్డ మెడ మీద వేసుకుని పడుకోవాలి. లేచేసరికి ఒక్కసారైనా మూత్రం వచ్చి ఉండాలి, రంగు చిక్కగా ఉంటే ఇంకో లీటరు తాగేదాకా కదలొద్దు.

మూడింటికి రోడ్డెక్కగానే పైరగాలి ఎదురొస్తుంది. ఇక్కడ కండబలం కంటే లెక్క పనికొస్తుంది. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి కదలని వేళ గంటకు 15 కిలోమీటర్లు పోయే మనిషికి, ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి ఉంటే మొహానికి తగిలేది 35 కిలోమీటర్ల గాలి. అడ్డం అయిదు రెట్లు దాటుతుంది. అదే గాలిలో 15 నుంచి 10కి దిగితే గాలితో కొట్టుకునే శ్రమ ఇంచుమించు సగానికి పడిపోతుంది. వేగంలో మూడోవంతు వదులుకుంటే శ్రమలో సగం మిగులుతుంది, ఇంతకంటే మంచి బేరం ఎక్కడుంది? గేరు దించి, మోచేతులు వంచి, గడ్డం హ్యాండిలు వైపు దించి, వేగం చూపించే మీటరును జేబులో వేసుకోండి. అది చూస్తుంటే మనసు ఒప్పుకోదు. ఫ్రాన్సులో నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు యాత్ర 1200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. 2019లో బ్రెస్ట్ వెళ్ళే దారంతా ఎదురుగాలి పెట్టింది. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామంది గడువు అందుకోలేకపోయారు. కొండలకు సిద్ధపడి వెళ్ళేవాళ్ళు చాలామందే గానీ గాలికి సిద్ధపడేవాళ్ళు తక్కువ. ఆ సాధనకు కావలి నుంచి బిట్రగుంట దాకా ఏప్రిల్ మధ్యాహ్నాన్ని మించిన చోటు లేదు, పైగా వీసా అక్కర్లేదు.

ఇద్దరు ముగ్గురు ఉంటే వరసలో వెళ్ళాలి. ముందు సైకిలు వెనక చక్రానికి మూరెడు దూరంలో మన ముందు చక్రం. వెనకున్నవాళ్ళకు శ్రమ పావు వంతుకు పైగా తగ్గుతుంది. గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి సరిగ్గా వెనక కాకుండా కాస్త కుడిగా, ముందువాళ్ళు గాలిని అడ్డే చోట ఉండాలి. కానీ వెనక లారీ వస్తే ఆ ఏటవాలు వరస రోడ్డు మధ్యకు పాకుతుంది. అందుకని లారీల రోడ్డు మీద తిన్నగా ఒకరి వెనక ఒకరే. కిలోమీటరుకు ఒకరు ముందుకు రావాలి. ఎక్కువ బలమున్నవాళ్ళు ఎక్కువసేపు ముందుండాలి గానీ ఎక్కువ వేగంగా పోకూడదు. కొత్త జట్లు ఈ ఒక్క తేడా దగ్గరే విడిపోతాయి.

ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన బిట్రగుంటలో చెట్ల కింద మరోసారి ఆగి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవాలి. ఇంత ఎండలోనూ ఒళ్ళు జలదరిస్తోందా, మాట తడబడుతోందా, అడిగినదానికి వేరే జవాబు వస్తోందా? వీటిలో ఏదున్నా ప్రయాణం అక్కడితో ఆపాలి. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా తడిపి విసరాలి, తెలివి తప్పుతుంటే నోట్లో నీళ్ళు పోయకుండా 108కి ఫోన్ చేయాలి. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, ఆలస్యం ప్రాణానికే ముప్పు. కేవలం అలసటే అయితే ఆటోలో సైకిలు వేసుకుని ఇంటికొచ్చేయొచ్చు. కష్టాన్ని రోడ్డు మీద పెట్టుకున్నది ఈ సౌకర్యం కోసమే కదా.

పొద్దు వాలాక గాలి కొంచెం మెత్తబడుతుంది, అల్లూరు చెరువు వైపు చల్లదనం తగులుతుంది. ఇంటికి రాగానే పడుకోవాలనే ఉంటుంది. ముందు సైకిలు. మంచినీళ్ళతో, ఒత్తిడి లేకుండా, బకెట్టూ మగ్గుతో పై నుంచి కిందికి కడగాలి. పైపు ధార పెడితే ఇసక కుండల్లోకి దూరుతుంది. చైనును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త నూనె వేయాలి. సీటు గొట్టం బయటికి తీసి లోపలి ఇసక దులపాలి, అక్కడ ఇరుక్కున్న ఉప్పుతడి గొట్టాన్ని ఫ్రేముకు అతికించేస్తే నెల తర్వాత సుత్తి పట్టుకోవాల్సి వస్తుంది. బ్రేకు కట్టల్లో ఇరుక్కున్న గులకల్ని సూదితో గిల్లాలి, లేకపోతే రిమ్ము గీతలు పడుతుంది. టైర్లను వేలితో తడుముతూ ఇంకా దిగబడి ఉన్న ముళ్ళుంటే ఆ రాత్రే పీకెయ్యాలి. తర్వాత స్నానం, ఉప్పు వేసిన గంజి, నిద్ర. మర్నాడు పొద్దున టైర్లలో గాలి చూడండి. రాత్రి మిగిలిపోయిన ముల్లేదైనా ఉంటే అప్పటికి తేలిపోతుంది.